అత్తమ్మ కారెక్కే వేళ

హకీం సాబు గారి గోడకు ముఖం పెట్టి నిలబడ్డాను. ముక్కుకూ గోడకూ మధ్య జానెడు ఎడం ఉంటే ఎక్కువ. నా వెనక గల్లీ మధ్యలో బూడిదరంగు హిల్మన్ కారు, కారుకు అవతల మా ఇంటి గడప, గడప లోపల అత్తమ్మ. ఇవాళ ఆమె ఎక్కి కూర్చుంటే కారు మాది. ఎక్కకపోతే సాయంత్రానికల్లా దీన్ని నవాబుల దేవిడీకి తిరిగి అప్పజెప్పాలి, ఇంకెవరో కాచుకుని ఉన్నారు, వాళ్లు తోలుకుపోతారు, నా డ్రైవరు పని కూడా అక్కడితో సరి. అమ్మ ఎక్కని కారు మనకెందుకు అని మా ఆయన నిన్ననే తేల్చేశారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అసలు కారన్న మాట ఇంట్లో పుట్టిందే ఆమె కోసం. ఆమె గడప దాటి ఏడాది దాటింది. మొఘల్‌పురాలో సొంత చెల్లెలుంది, ఆ చెల్లెలి మనవరాలి బారసాలకు కూడా పోలేదు, మోకాళ్లు అంది, ఎండ అంది. ఇంత ముఖ్యమైన గడియలో డ్రైవరన్న మనిషి ఎక్కడుండాలి, కారు దగ్గరుండాలి, చెయ్యందించాలి, రండత్తమ్మా అని మర్యాదగా పిలవాలి. నేనేమో ఇక్కడ, పంతులు గారు శిక్ష వేసిన పిల్లలాగా, గోడకు.

కాళ్లు తీసుకొచ్చాయి, నేను రాలేదు. మొగులయ్య అలవాటు చేసిన కాళ్లు. మొగులయ్య మీసం మొలిచిన నాటి నుంచి దేవిడీలో ఆడవాళ్లెక్కే జనానా కారు నడుపుతున్నవాడు. ఆయన లెక్కలో డ్రైవింగంటే క్లచ్చూ గేరూ మాత్రమే కాదు, ఆడవాళ్లు ఎక్కే వేళకు డ్రైవరు నడుచుకోవలసిన తీరు కూడా అందులోదే. గాడీ ఆపు, దిగు, వెనక తలుపు తెరువు, గాడీ చుట్టూ తిరిగిపోయి గోడ వైపు ముఖం పెట్టి నిలబడు, లోపలి నుంచి పిలుపొచ్చేదాకా కదలకు. బేగంలు కారెక్కేటప్పుడు ఏ మగవాడి కంటా పడకూడదు, డ్రైవరు కంట అసలే పడకూడదు. బ్రేకు నేర్పిన రోజే ఇదీ నేర్పాడు. "నేను ఆడదాన్నే గద మొగులయ్యా, నేనెందుకు తిరగాలె" అంటే, "ఆడదైతే ఏందమ్మా, డ్రైవరు డ్రైవరే గద" అన్నాడు. దేవిడీలో బడీ పాషా అని పెద్ద బేగం, నేను నేర్చుకునే రోజుల్లో సరదాపడి ఒకటి రెండుసార్లు నా వెనక సీట్లో కూర్చుంది. నేను గోడకు తిరిగి నిలబడితే పకపకా నవ్వి, ఇటు చూడవే పిల్లా అని ఉర్దూలో పిలిచింది. మొగులయ్య పక్క గోడ దగ్గర నుంచి దగ్గాడు, తిరగొద్దని, నేను తిరగలేదు. ఆ అలవాటే ఇవాళ కొంప ముంచింది. పరదా అంటే ఏమిటో ఎరగని మనిషి మా అత్తమ్మ, పూజగదిలో నోరెత్తితే గల్లీ చివరిదాకా వినబడుతుంది, అటువంటామె కోసం నేను కారాపి, దిగి, తలుపు తీసి, చుట్టూ తిరిగొచ్చి గోడకు నిలబడ్డాక గానీ ఏం చేశానో నాకు తెలిసిరాలేదు. తిరిగిపోదామనుకునేసరికి మా తలుపు గొళ్లెం చప్పుడైంది. ఇప్పుడు పోతే అక్కడెందుకు నిలబడ్డావని అడుగుతారు, ఏం చెప్పేది. నిలబడే ఉన్నాను.

గోడ మాత్రం మంచి గోడ. సున్నం మీద సున్నం కొట్టి కొట్టి పెచ్చులు లేచి, ఒక పెచ్చు కింద నీలం, దాని కింద పసుపు, ఎవరి పెళ్లికి ఏ రంగు వేశారో హకీం సాబు కూడా చెప్పలేడు. ఎన్నికలప్పుడు జేగురుతో రాసిన అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి, ఉర్దూలో కొన్ని, తెలుగులో కొన్ని, ఇప్పుడు ఎవరికి ఓటెయ్యమంటున్నాయో తెలియదు. చీమలు బారుకట్టి పోతున్నాయి. లోపల ఎవరో మందు నూరుతున్నారు, సోంపు వాసన, కరక్కాయ వాసన. కాపరానికొచ్చిన నాటి నుంచి ఇది నా ఎదుటి గోడ, ఇంత దగ్గరగా ఎన్నడైనా చూశానా. భయపడవలసిన వేళ, కడుపులో మాత్రం నవ్వు కదులుతోంది. నిజం చెప్పాలంటే ఈ నెలన్నరగా నాకు దేనికైనా నవ్వే వస్తోంది. అన్నం వారుస్తూ నవ్వుతాను, పిల్లల జడలు అల్లుతూ నవ్వుతాను. కారు నడపడం ఇంత సుఖమని ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే చిన్నప్పుడే ఎక్కడికో పారిపోయి నేర్చుకునేదాన్ని. మొదటిసారి పురానాపూల్ మీద రెండో గేరు పడ్డ రోజు, మూసీ మీది గాలి చెవుల్లోకి వచ్చి పైట ఎగిరింది, పక్కన మొగులయ్య సీటంచు పట్టుకుని ఆంజనేయ దండకం లాంటిదేదో గొణుగుతున్నాడు, నేను మాత్రం గట్టిగా నవ్వాను, ఒక్కదాన్నే, సైకిళ్లవాళ్లు దిగి మరీ చూశారు. ఆ రోజు ఇంటికొచ్చి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరూ ఏమీ అనలేదు, అత్తమ్మ తప్ప.

న్యాయానికి నేర్చుకోవలసింది ఆయన. రఘునాథ్ గారు, ప్రభుత్వ ఆఫీసులో పెద్ద గుమాస్తా, తాతల నాటి నుంచి కోవెల సేవ చేసుకున్న ఇంట్లో పుట్టినవారు. తెలివికి కొదవ లేదు, క్లచ్చు గురించి పుస్తకం తెచ్చుకుని చదివారు, బొమ్మ గీసి నాకు చూపించారు కూడా. చిక్కంతా చేతులతో వచ్చింది. గుడి కనబడితే ఆయన రెండు చేతులూ లేచిపోతాయి. పుట్టిన నాటి నుంచి లేస్తున్న చేతులు, స్టీరింగు పట్టుకున్నాయని ఆగుతాయా. ఈ ఊళ్లో గుడి లేని మలుపు ఎక్కడుంది. మొదటి మలుపు దగ్గర వదిలేశారు, కళ్లు మూసుకున్నారు, దణ్ణం పెట్టుకున్నారు, కారు పోయి పుచ్చకాయల బండి ముందు ఆగింది. మొగులయ్య ఓర్చుకున్నాడు. రెండో రోజు దర్గా వచ్చింది. దర్గా కదా పోనీ అనుకుంటే దానికీ దణ్ణం పెట్టారు, మా ఇంట్లో పీర్లకూ మొక్కుతారు. మూడో రోజు మొగులయ్య మా గడప దగ్గరికొచ్చి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "సారు భక్తి మంచిదేనమ్మా, గని నాకు పెండ్లాం పిల్లలున్నరు" అన్నాడు. ఆ మాట విని నవ్వుతూ నేను గుమ్మంలో ఉన్నాను. ఆయనే తిరిగి నన్ను చూశారు. "కోమలా, నువ్వు నేర్చుకో" అన్నారు. పరిహాసానికి అన్నారనుకున్నాను. పరిహాసం కాదు. ఆయనలో నాకు నచ్చేది ఇదే, తన వల్ల కాదని తెలిస్తే మూతి ముడుచుకోరు. లైసెన్సు ఇచ్చే ఆఫీసులో సాబు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, నడిపేది ఎవరని అడిగితే, ఈయన ఛాతీ విరుచుకుని నా వైపు చూపించారు. అప్పుడు నాకు ఆయన మీద కలిగిన ప్రేమ పెళ్లిపీటల మీద కూడా కలగలేదు.

కారు వెతకడం ఇంకో భాగోతం. జాగీర్లు పోయాక దేవిడీలవాళ్లు కార్లు ఒక్కొక్కటే అమ్ముకుంటున్నారు, మా అంతస్తువాళ్లు కూడా ధైర్యం చేసి అడగగలిగిన రోజులివి. మొదట మొగులయ్య చూపించింది బ్యూకు. నల్లగా, నిగనిగలాడుతూ, దాని ముందు దీపాలే మా అన్నం గిన్నెలంత ఉన్నాయి. ఇచ్చేస్తామన్నది కూడా చవకకే. ఆయన కళ్లు చెదిరాయి, నావి కూడా. కానీ హుస్సేనీ ఆలంలో మా గల్లీకి మొదట్లో కమాను ఉంది, పాత రాతి కమాను, దాని కిందుగా దూరితేనే ఇల్లు. నేను పొద్దున్నే పోయి ముగ్గు వేస్తున్నట్టు వంగి కమానును మూరలేసి కొలిచాను. తర్వాత దేవిడీకి పోయి బ్యూకును కొలిచాను. కారుకు మూరలేసే మనిషిని మొగులయ్య అంతవరకు చూడలేదట. కారే గెలిచింది, అర మూర ఎక్కువ. ఆయన కమాను వైపు బతిమాలుతున్నట్టు చూశారు. రెండోది ఆబిడ్స్ షాపులో ఫోర్డు, కమానులో పట్టేది, చూడముచ్చటగా ఉంది, కానీ సీట్లు తోలువి. అత్తమ్మ మడి మనిషి, తోలు మీద కూర్చోవడం కల్లో మాట. షాపాయన ఇది తోలు కాదు రెగ్జిన్ అని, గుడ్డకు రంగు పూసినదని ప్రమాణం చేసి చిన్న ముక్క కోసి ఇచ్చాడు. మా ఆయన దాన్ని ఇంటికి తెచ్చి వాళ్లమ్మ ముందు పెడితే, ఆమె తాకకుండానే చూసి, "గుడ్డ అయితే గుడ్డలెక్క ఉండాలె గని, తోలులెక్క ఎందుకున్నదిరా" అంది.  ఫోర్డు మాట అక్కడితో సరి.

అప్పుడు నాకు తట్టింది, బడీ పాషా ఎక్కిన హిల్మన్. నేను నేర్చుకున్న బండి అదే. దాని సీట్లకు ఆమె ముచ్చటపడి హిమ్రూ గుడ్డ కుట్టించుకుంది, లేత ఆకుపచ్చ మీద బాదం పువ్వులు, తోలు ఎక్కడా కనబడదు. తలుపులు నాలుగు. కమాను కింద రెండు పక్కలా చెయ్యి పట్టేంత చోటు మిగులుతుంది. పెట్రోలు తాగడంలో పొదుపు. నా కాళ్లు బ్రేకుకు అందాలంటే నడుముకో దిండు పెట్టుకుంటే చాలు. మొగులయ్య దీన్నే తీసుకొమ్మని ఎన్నడూ అనలేదు, బ్యూకు పోగానే ఆయన ముఖం చిన్నబోయింది, పెద్ద కారు అమ్మిస్తే ఆయనకూ పెద్దరికం. నేను మాత్రం అప్పుడే ఖాయం చేసుకున్నాను. కొత్తగా నేర్చుకున్న మనిషికి తెలిసిన కారే మంచిది, దాని దగ్గు నాకు తెలుసు, పొద్దున చలికి ఎన్నిసార్లు బతిమాలితే లేస్తుందో తెలుసు, మూడో గేరులో కాస్త మొండికేస్తుందనీ తెలుసు. చీర కొనేటప్పుడు కూడా నేనింతే, దుకాణమంతా తీయించి మొదట చూసిన దాని దగ్గరికే వస్తాను. దేవిడీవాళ్లు మంచివాళ్లు, తీసుకుపోయి మీ పెద్దమ్మను ఎక్కించి చూడండి, సాయంత్రంలోగా మాట చెప్పండి అన్నారు. పొద్దున్నే తెచ్చాను. కమాను కింద నుంచి వస్తుంటే గల్లీ గల్లీ అంతా బయటికొచ్చింది.

ఆ తర్వాతే అత్తమ్మ సాకులు. సీటు కింద ఏమున్నదని అడిగింది, స్ప్రింగులని చెప్పాను, అబద్ధం కాదు. బూడిదరంగు ఏంది, విభూతి వాళ్ల రంగు అంది, నామాల వాళ్లు ఎక్కితే రంగు అదే మారుతుందని ఆయన అన్నారు. రాహుకాలం అంది, పోయేదాకా కూర్చున్నాం. ఒక సాకు తీసేస్తే ఇంకొకటి. ఆమె సాకులు చెప్పే మనిషి కాదు, అదే నన్ను కుదిపింది. మా అత్తమ్మ గోదమ్మ గారంటే కోవెల వీధిలో హడల్, ముఖం మీద అనేస్తుంది, కడుపులో దాచుకోదు. అటువంటి మనిషి వంకలు వెతుకుతోందంటే అసలు మాట నాకు చెప్పలేనిదయి ఉండాలి. చెప్పలేనిది ఏముంది, నా డ్రైవింగే. కోడలు నడిపే కారు. ఆమె నన్ను నమ్మదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసే కోడలి చేతిలో తన ప్రాణం పెడుతుందా. సున్నం పెచ్చు ఒకటి గోటితో గిల్లాను, ఊడొచ్చింది, కింద గులాబీ రంగు, ఇదెవరి పెళ్లో. నవ్వు పోయింది. ఎంత ముచ్చటగా నేర్చుకున్నాను. ఎవరు మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా, ఆమె ఒక్కతి నా వెనక కూర్చుని కళ్లు మూసుకుని జపం చేసుకుంటూ మొఘల్‌పురా దాకా వస్తే చాలనుకున్నాను. పిచ్చి ఆశ అనుకోండి. అత్తగారు మెచ్చాలని ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకుంటుందో, ఉంటుంది, ఏం చేస్తాం.

వెనక గడప మీద కట్టె చప్పుడు, అత్తమ్మ చేతికర్ర. వచ్చింది. ఆగింది.  "గల్లిల ఎవరెవరున్నర్రా" అని కొడుకును అడుగుతోంది. "ఎవరున్నరమ్మా, ఇస్త్రీ లక్ష్మయ్య ఉన్నడు, పాలాయన ఉన్నడు, హకీం సాబు వస్తున్నడు. మనోళ్లే గద, రా" అన్నారాయన. "ఆగు, తులసిమాల మరిచిన" అని కర్ర మళ్లీ లోపలికి పోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. "లక్ష్మయ్య పోయిండా?" పోలేదు, లక్ష్మయ్య బండి ఇక్కడే, ఆయన ఎక్కడికి పోతాడు. "ఆగు, శాలువ తెచ్చుకుంట." కర్ర లోపలికి. లక్ష్మయ్యతో ఈమెకేం పని. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు చిటపటమంటున్నాయి, వినబడుతోంది. లక్ష్మయ్య పోవాలి, పాలవాడు పోవాలి, హకీం సాబు రాకూడదు. చీమల బారు చూస్తూ ఆలోచిస్తున్నాను, కోడలి నడపడం మీద భయమున్న మనిషి గల్లీలో ఎవరున్నారని ఎందుకు అడుగుతుంది. భయమున్నామె కారు వైపు చూడాలి గానీ జనం వైపు ఎందుకు చూస్తుంది.

జట్కా. అప్పుడు నాకు జట్కా గుర్తొచ్చింది. ఏడాది కిందట, చెల్లెలింటికని ఆమె ఎక్కిన ఆఖరి జట్కా, ఇదే గడప ముందు. అత్తమ్మది భారీ విగ్రహం, మోకాళ్లు వంగవు. మెట్టు మీద కాలు పెట్టి వెనక నుంచి ఎక్కబోతే జట్కా వెనక్కి ఒరిగి, ముందు కాడి గాలిలోకి లేచి, గుర్రం గాబరాపడి సకిలించింది. జట్కావాడు ఒక చేత్తో గుర్రాన్ని పట్టుకుని, రెండో చేత్తో ఆమెను వెనక నుంచి నెట్టి, ముందుకు జరుగమ్మా ముందుకు అని అరిచాడు. గల్లీ అంతా నవ్వింది. మా ఇంట్లో అది నవ్వుల కథ అయిపోయింది, వచ్చిన చుట్టానికల్లా ఆయన చెప్పేవారు, గుర్రం సకిలించి మరీ చూపించేవారు. అత్తమ్మ కూడా నవ్వేది, అందుకే మాకెవరికీ అనుమానం రాలేదు. ఆ తర్వాత ఆమె గడప దాటలేదు. మోకాళ్లంది, ఎండంది, మేం మోకాళ్లకు నూనె తెచ్చాం, ఎండకు గొడుగు తెచ్చాం. చివరికి కారే తెచ్చాం. కారైనా ఎక్కాల్సిందే గదా, వంగి, ఒక కాలు లోపల పెట్టి, ఒళ్లంతా తిప్పుకుని, అందరూ చూస్తుండగా. తోలు కాదు, రంగు కాదు, నేను కూడా కాదు. నేను కాదు అనుకునేసరికి గోడ పట్టుకుని ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే, కొంచెం సిగ్గుతో కూడా. ఎంత నొచ్చుకుని ఉంటుందో ఆ మహాతల్లి, మాతో కలిసి నవ్వుతూ.

"కోమలా, గోడకు ఏం చూస్తున్నవు, ఇటు రా, అమ్మను పట్టుకో" అని ఆయన పిలిచారు. నేను తిరగలేదు. "మీరు గుడ అటు తిరగండి" అన్నాను. "ఎందుకు?" "తిరగండి, చెప్త." ఎందుకో ఆయనకు తెలియదు, అయినా తిరిగారని చెప్పుల చప్పుడు చెప్పింది. చెప్పాను కదా, ఆయనలో నాకు నచ్చేది అదే. కంటి చివర నుంచి ఎడమ పక్కన లక్ష్మయ్య కనబడుతున్నాడు. కారు, తెరిచిన తలుపు, గోడకు నిలబడ్డ డ్రైవరు, ఇప్పుడు ఇంటాయన కూడా తిరిగాడు, ఈ పేటలో పుట్టిన మనిషికి ఇంకేం చెప్పనక్కరలేదు. పరదా సవారీ. మా ఇంటికి పరదా ఎప్పుడొచ్చిందని ఒక్క క్షణం ఆలోచించినట్టున్నాడు, తర్వాత ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే తన గోడ వైపు తిరిగాడు. పాలవాడు బిందె దించి తిరిగాడు. కుడి పక్కన హకీం సాబు చేతికర్ర టకటకమని వచ్చి ఆగింది, "మాఫ్ కర్నా బేటీ" అని మెల్లగా క్షమాపణ చెప్పారు, ఆయన కూడా నా పక్కనే, తన సొంత గోడకు ముఖం పెట్టి నిలబడ్డారు. కమాను దగ్గర సైకిలు గంట మోగబోయి ఆగిపోయింది. గల్లీ మొత్తం నిశ్శబ్దమైంది. హుస్సేనీ ఆలంలో పొద్దునపూట అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. పైన పావురాలు, లోపల మందు నూరే కల్వం, అంతే. "అత్తమ్మా, ఎవ్వరు చూస్తలేరు" అన్నాను గోడతో.

 తర్వాత కర్ర చప్పుడు, గడప దిగి, రాయి మీద, నెమ్మదిగా. ఆగి, మళ్లీ. ఊపిరి బరువుగా తీస్తోంది. కారు మీద చెయ్యి ఆనించిన చప్పుడు, గాజులు రేకుకు తగిలి గలగల. ఏదో గొణుక్కుంటోంది, దేవుణ్ణో మోకాళ్లనో. ఒకసారి కాలు పెట్టి తీసింది, అది నాకు తెలిసింది, స్ప్రింగు కిర్రుమని ఊరుకుంది. తిరగాలని మెడ పీకుతోంది, సాయం పోవాలని, చెయ్యందించాలని. మొగులయ్యను తలుచుకుని నిలబడ్డాను. పిలుపొచ్చేదాకా కదలకు. కర్ర లోపల పారేసింది, అది ఎక్కడో ఇనుముకు తగిలింది.  నా పక్కన హకీం సాబు పెదవులు కదులుతున్నాయి, దువా చేస్తున్నట్టున్నారు, ఎవరి కోసమో ఆయనకూ తెలియదు. అప్పుడు ఒక పెద్ద మూలుగు, ఆ వెంటనే హిల్మన్ మొత్తం ఒక పక్కకు ఒరిగి సర్దుకుంది. ఆ కారు అంత కమ్మగా కిర్రుమనడం నేనెన్నడూ వినలేదు. ఎక్కింది. మా అత్తమ్మ ఎక్కింది. కళ్లల్లో నీళ్లు తిరిగి గోడ మీది అక్షరాలు అలుక్కుపోయాయి, ఉర్దూ తెలుగు కలిసిపోయాయి. దబ్బుమని తలుపు పడింది.

"కోమలా, ఇగ తిరుగు" అంది.

తిరిగాను. నేను తెరిచిన వెనక తలుపు అట్లాగే బార్లా తెరిచి ఉంది. లోపల హిమ్రూ పువ్వులు, ఖాళీ.  అప్పుడు ముందు కిటికీలోంచి కనబడింది. నేను దిగి మూయకుండా వచ్చిన తలుపులోంచి ఎక్కి, నా సీట్లో, నా దిండు మీద, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది అత్తమ్మ. నామం కాస్త చెదిరింది, ముఖమంతా చెమట, ఆ ముఖం పెళ్లికూతురు ముఖంలా వెలిగిపోతోంది. కారు చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి పోయాను. నన్ను చూసి, అడగకుండానే, "ఎనుక పట్టుకోనికి ఏం లేదు. ఈడ మంచిగ చక్రమున్నది" అంది. ఇది నా చోటనీ, డ్రైవరు చోటనీ ఎట్లా చెప్పేది. చెప్పబుద్ధి కాలేదు. దిగమంటే మళ్లీ అంతా మొదటి నుంచి. అటు పక్క నుంచి పోయి, ఆమె పక్క సీట్లో కూర్చున్నాను. కాళ్లు బారజాపుకున్నాను. పక్క నుంచి చూస్తే ఆమె స్టీరింగును పట్టుకున్న తీరు నాకంటే బాగుంది, మొగులయ్య చూస్తే మెచ్చుకునేవాడు. అత్తమ్మ గడప వైపు గొంతెత్తి, "రఘూ, కారు మంచిగున్నది, తీస్కో" అంది. ఆయన తిరగకుండానే సరేనమ్మా అన్నారు. ఇట్లయితే ఇవాళ మొఘల్‌పురా ఎట్లా పోవాలని నేను అనుకుంటున్నాను, పోకపోతే మాత్రం ఏమైంది అని కూడా అనుకుంటున్నాను. అత్తమ్మ చక్రాన్ని కొంచెం ఇటు తిప్పింది, కొంచెం అటు తిప్పింది.

"గిది నడుపుడు నీకు ఎన్నొద్దులకు వచ్చింది?" అంది, ముందుకు చూస్తూనే.

"నెలన్నర పట్టింది అత్తమ్మా."

"నాకెన్నొద్దులు పడ్తది?"

నాకు నవ్వొచ్చింది, పురానాపూల్ మీద వచ్చిన నవ్వుకంటే పెద్దది, ఆపుకోలేదు. ఆమె నా వైపు తిరిగి కోపంగా చూసింది, తర్వాత ఆమె కూడా నవ్వింది, ఒళ్లంతా ఊగేట్టు, కారంతా ఊగేట్టు. ఇద్దరం అట్లా నవ్వుతుండగా కారు అద్దాల్లోంచి చుట్టూ చూశాను. ఇస్త్రీపెట్టె పట్టుకుని లక్ష్మయ్య, బిందె పక్కన పాలవాడు, హకీం సాబు, కమాను దగ్గర సైకిలాయన, గడప పక్కన మా ఆయన, గల్లీలో మగవాళ్లంతా ఇంకా గోడలకు ముఖాలు పెట్టి బుద్ధిగా నిలబడే ఉన్నారు. తిరగమని వాళ్లకెవరూ చెప్పలేదు.